చిన్న చేపలకు ఏ సైజు గాలం? ఎదురుముల్లు లేని ఫ్లై గాలాల పెట్టె, విశాఖ చెరువుల దగ్గర

ఆన్‌లైన్ అంగళ్లలో ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న ఒక ఫ్లై గాలాల (ఈకలూ దారమూ చుట్టి, పురుగులా కనిపించే ఎర కట్టుకునే గాలాల) పెట్టెను కొని, విశాఖపట్నం చుట్టుపక్కల చెరువుల దగ్గర కొంతకాలంగా వాడుతున్నాను. అరచేతిలో ఇమిడే పారదర్శక ప్లాస్టిక్ పెట్టె అది. లోపల ఆరు అరలు, వాటిలో వరుసగా 6, 8, 10, 12, 14, 16 సైజుల గాలాలు ఉంటాయి. అన్నీ ఎదురుముల్లు (మొన వెనుక ఉండే చిన్న ముల్లు) లేనివేనని మూత మీద అచ్చు వేశారు కానీ, తయారుచేసినవారి పేరు పెట్టె మీద గానీ లోపలి చీటీ మీద గానీ ఎక్కడా లేదు. ధర 500 రూపాయల లోపే. 8, 10 సైజుల అరలు రెండూ ఆ ధరకు పూర్తిగా తగినవి, 12 సైజు అరను జాగ్రత్తగా వాడుకోవచ్చు, 14, 16 అరలను మాత్రం చేపను ప్రాణాలతో తిరిగి వదలాలనుకునేవారు చెరువు గట్టుకు తీసుకుపోకపోవడమే మంచిది అన్నది నా అభిప్రాయం.

ఈ ఊళ్లో ఇలాంటి పెట్టె కోసం ఆన్‌లైన్ వైపు చూడవలసిరావడానికి కారణం ఉంది. మనది సముద్రపు వేట ఊరు. ఫిషింగ్ హార్బర్ వైపు, వన్ టౌన్ వైపు దుకాణాల్లో దొరికే గాలాలు ఎక్కువగా వంజరం, పార వంటి చేపల కోసం తయారైనవి కాబట్టి అవి లావుపాటి తీగతో, పెద్ద వంపుతో ఉంటాయి. వాటి మీద ఈకలు చుట్టి, పరిగె నోటికి పట్టే ఎర కట్టడం కుదరదు. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు ఊరి చెరువుల్లో యజమానుల అనుమతితో సన్నరాడ్ పట్టుకుని నిలబడేవారికి కావలసింది వేరు. మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ వంటివి నగరానికి తాగునీరిచ్చే జలాశయాలు. అధికారుల అనుమతి లేకుండా అక్కడ గాలం వేయరాదని కొత్తగా ఈ సరదాలోకి వస్తున్నవారికి ముందుగానే చెప్పడం అవసరం.

ఫ్లై గాలాల గురించి మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవి. అక్కడి చెరువుల్లో బ్లూగిల్ వంటి సన్‌ఫిష్ జాతి అరచేతి వెడల్పు చేపలు పుష్కలం. పక్కలు అణిగిన వెడల్పాటి ఒళ్లు, చిన్న నోరు, ఎర కనిపిస్తే వెనకాడని ఆకలి వాటి లక్షణాలు. వాటికి 8 నుంచి 12 దాకా సైజులు వాడమని, ఒకే సైజు ఎంచుకోవలసివస్తే 10 తీసుకోమని అక్కడి అనుభవజ్ఞులు చెబుతారు. బ్లూగిల్ మన నీళ్లలో లేదు. అయితే మనం జిలేబీ అని పిలిచే తిలాపియా ఒడ్డూ పొడవులోనూ, నోటి కొలతలోనూ దానికి చాలా దగ్గర. పరిగెల నోరు ఇంకా చిన్నది, పైగా వాటి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. అందుచేత బ్లూగిల్ కోసం చెప్పిన కొలతలు జిలేబీకి దాదాపు యథాతథంగానూ, పరిగెకు కొద్దిగా సవరించుకునీ పనికివస్తాయని ఈ పెట్టెతో చేపలు పట్టి చూశాక నమ్మకం కలిగింది.

సైజుల లెక్క కొత్తవారిని తికమక పెడుతుంది. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 6 కంటే 10 చిన్నది, 10 కంటే 16 మరీ చిన్నది. 1 దాటి పెద్దవైపు వెళితే 1/0, 2/0 అని మరో వరుస మొదలవుతుంది, అక్కడ మాత్రం అంకెతో పాటు గాలమూ పెరుగుతుంది. సముద్రపు గాలాలు ఎక్కువగా ఆ రెండో వరుసలోవి. అసలు చిక్కు ఇంతకంటే లోతైనది. ఈ అంకెలకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. ఒక కంపెనీ 10 మరొక కంపెనీ 12కు సమానంగా ఉండవచ్చు. కాబట్టి అంకెను నమ్మే ముందు మొనకూ, గాలంలోని నిటారు భాగమైన కాడకూ మధ్య ఉన్న ఎడాన్ని స్కేలు పెట్టి చూసుకోవాలి. చేప పెదవి పట్టేది ఆ ఎడంలోనే. ఈ పెట్టెలోని 10 సైజుకు ఆ ఎడం సుమారు 5 మిల్లీమీటర్లు, 8కి దానికంటే కాస్త ఎక్కువ. ఈ రెండూ నా దగ్గరున్న నార్వే కంపెనీ మస్టాడ్ గాలాలతో పక్కపక్కన పెడితే ఇంచుమించు సరిపోయాయి. 12, 14 అరల్లోని గాలాలను కలిపి బల్ల మీద పోస్తే మాత్రం వాటిని తిరిగి వేరుచేయడం కష్టమయ్యేంతగా ఒకేలా ఉన్నాయి. కాడ పొడవులో కొద్దిగా తేడా ఉంది, ఎడంలో దాదాపు లేదు. సైజుల వారీగా అరలు పెట్టి అమ్మే పెట్టెలో ఇది చిన్న లోపం కాదు.

చిన్న నోటి చేపకు వీలైనంత చిన్న గాలం వాడితే దానికి తక్కువ హాని జరుగుతుందన్న ఆలోచన మన దగ్గర బలంగా ఉంది. వినడానికి దయగానే ఉంటుంది, కానీ జరిగేది దానికి విరుద్ధం. జిలేబీ ఎరను కొరకదు. నోరు గొట్టంలా ముందుకు చాచి, నీటితో పాటు ఎరను లోపలికి లాక్కుని, నచ్చకపోతే అదే వేగంతో ఉమ్మేస్తుంది. 16 సైజు గాలం మీద కట్టిన ఎర ఆ నీటితో పాటు తిన్నగా గొంతు దాకా వెళ్లిపోతుంది. మనం దారం కదలికను గమనించి రాడ్ ఎత్తేలోగా మొన మొప్పల మూలల దగ్గర గుచ్చుకుని ఉంటుంది. మొప్పల నుంచి రక్తం కారడం మొదలైన చేప మన కళ్ల ముందు ఈదుకుంటూ వెళ్లినా, తర్వాత బతికే అవకాశం చాలా తక్కువ. 10 సైజు గాలం, అందులోనూ కాడ కాస్త పొడవున్న రకం, అంత తేలిగ్గా లోపలికి పోదు. ఉమ్మేసేటప్పుడు పైపెదవి అంచునో, నోటి మూలనో పట్టుకుంటుంది.

ఈ తేడాను చేతిలోకి తీసుకుని చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. 10 సైజుతో పడిన జిలేబీని నీటిలోనే ఒడ్డు దగ్గరకు తెస్తే, పెదవి మూల నుంచి గాలపు కాడలో సగం, దారం కట్టే దాని కన్నూ, దాని చుట్టూ తడిసి అతుక్కుపోయిన నాటుకోడి మెడ ఈకా బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. రెండు వేళ్లతో ఆ కాడను పట్టుకుని, గుచ్చుకున్న దారినే వెనక్కి తిప్పితే ఒక్క క్షణంలో వచ్చేస్తుంది. చేపను నీటిలోంచి ఎత్తనవసరమే ఉండదు. 14 సైజుతో పడినదాన్ని అలాగే తెచ్చి చూస్తే మూసిన పెదవుల మధ్య నుంచి సన్నని దారం తప్ప మరేమీ కనిపించదు. నోరు తెరిపించాలి, వెలుతురు వైపు తిప్పాలి, పరికరం లోపలికి పెట్టాలి. ఆ వెతుకులాట అంతా చేప ప్రాణం మీదకు వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తిలాపియాల్లో మన చెరువుల్లో బాగా వ్యాపించిన మొజాంబిక్ రకంలో తల్లి చేప గుడ్లనూ పిల్లలనూ నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. అలాంటి చేప నోట్లో పరికరం పెట్టి కెలికితే పోయేది ఒక్క ప్రాణం కాదు.

పరిగెల విషయంలో 10 కాస్త పెద్దదే. బొటనవేలంత పరిగెలు 10ని పొడిచి వదిలేస్తాయి, పట్టుబడవు. అది నాకు మంచిదిగానే తోస్తుంది. అంత చిన్న చేపను పట్టి, వదిలి సాధించేదేమీ లేదు. అరచేతి పొడవుకు దగ్గరపడిన పరిగెలకు ఈ పెట్టెలోని 12 సరిపోతుంది. అయితే ఎరను బరువుగా కట్టి లోతుకు వదలకుండా, నీటి పైభాగంలో కదిలేలా పలుచగా కట్టాలి. ఎర పైన కనిపిస్తుంటే చేప అందుకున్న క్షణమే తెలుస్తుంది, మింగే వ్యవధి దానికి దొరకదు. 6 సైజు అర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొర్రమీను పిల్లలకు చిన్నదీ, జిలేబీకి పెద్దదీ అయి మధ్యలో ఉండిపోయింది.

ఇప్పుడు ఎదురుముల్లు సంగతి. పట్టిన చేప జారిపోకుండా మొనకు కొంచెం వెనుక చెక్కే చిన్న ముల్లు అది. తీసేటప్పుడు కండను చీల్చేది అదే. అది లేని గాలం గుచ్చుకున్న దారినే వెనక్కి వస్తుంది, గాయం సూది పోటంత ఉంటుంది. చేప తప్పించుకుపోతుందన్న భయం అనవసరం. దారం వదులు కాకుండా రాడ్‌ను వంచి ఉంచితే చాలు, చాలా వరకు ఒడ్డుకు వస్తుంది. అటూ ఇటూ విసిరే ఫ్లై దారంతో పక్కవారి చెవికో, మన వేలికో గాలం తగిలినప్పుడు కూడా ఇదే మేలు చేస్తుంది. పిల్లలకు నేర్పించేవారు కేవలం ఆ ఒక్క కారణం కోసమైనా ఎదురుముల్లు లేనివే వాడాలి.

ఈ పెట్టె మూత మీద చెప్పిన మాట అన్ని అరలకూ వర్తించకపోవడం నాకు బాధ కలిగించింది. 8, 10 అరల్లోని గాలాలను దూదిలో గుచ్చి లాగితే ఒక్క పోగు కూడా అంటుకోకుండా నున్నగా వచ్చాయి. 14, 16 అరల్లో కొన్నింటికి మాత్రం, మామూలు గాలానికి ముల్లు చెక్కి తర్వాత నలిపినట్లు, మొన వెనుక చిన్న గరుకు మిగిలి ఉంది. దూది పోగులు దానికి చిక్కుకున్నాయి. గోటి మీద తేలిగ్గా ఆనించి జరిపితే 8, 10 వెంటనే పట్టుకున్నాయి, అంటే పదును బాగుంది. చిన్నవి కొన్ని జారిపోయాయి. మొద్దు గాలంతో పని చేయాలంటే రాడ్‌ను గట్టిగా లాగవలసివస్తుంది, చిన్న చేప దవడ అంత లాగుడుకు తట్టుకోదు. కొన్నవారు ప్రతి గాలాన్నీ ఈ రెండు పరీక్షలకూ పెట్టి చూసుకోవాలని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే అమ్మినవారి మాట మీద ఆధారపడితే దాని ఫలితం అనుభవించేది మనం కాదు. సన్నని ప్లయర్‌తో మొనకు సమాంతరంగా పట్టి మెల్లగా నొక్కితే ఆ గరుకు పోతుంది కానీ, ఈ సన్నని సైజుల్లో మొన విరిగే ప్రమాదం ఉంది.

తీగ బలం గురించి ఫిర్యాదు లేదు. చేతి వెడల్పు జిలేబీలు గుండ్రంగా తిరిగి లాగినా 10 సైజు నిటారు కాలేదు. కన్ను కూడా సందు లేకుండా మూసుకుని ఉంది. చవక గాలాల్లో తరచు కన్ను దగ్గర సన్నని చీలిక మిగిలిపోయి టిప్పెట్ దారం (ఎర కట్టే చివరి సన్నని దారం) అందులోంచి జారుతుంది, ఇక్కడ అది కనిపించలేదు. తుప్పు మాత్రం మన ఊరి సమస్య. ఇవి కంచు రంగు పూత వేసిన ఉక్కు గాలాలు, స్టెయిన్‌లెస్ కావు. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి కిటికీ చువ్వలనే తినేస్తుంది, వీటిని వదలదు. తడిసిన ఎరలను ఆరబెట్టకుండా పెట్టెలోకి తిరిగి పెట్టినప్పుడు వంపు దగ్గర ఎర్రని చుక్కలు త్వరలోనే వచ్చాయి. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టెలో ఉంచాక అవి తగ్గాయి. తుప్పు పట్టే గుణం ఒకందుకు నయమే. తెగిపోయి చేపలో ఉండిపోయిన గాలం ఉక్కుదైతే కాలక్రమంలో అరిగిపోతుంది, స్టెయిన్‌లెస్‌దైతే చాలా ఎక్కువ కాలం ఉంటుంది.

పెట్టెతో పాటు సన్నని ఇనుప కొక్కెం ఒకటి, గాలం తీయడానికంటూ ఇచ్చారు. దాన్ని పక్కన పెట్టేయవచ్చు. కేజీహెచ్ డౌన్‌లో ఆసుపత్రి పరికరాలు అమ్మే దుకాణాల్లో దొరికే ఆర్టరీ ఫోర్సెప్స్ (కత్తెరలా పట్టుకునే పటకారు), మొన వంపు ఉన్న చిన్న రకం, దానికంటే ఎన్నో రెట్లు మేలు. అది కాడను పట్టుకుని బిగుసుకుంటుంది, చేతులు తడిగా ఉన్నా జారదు, అదే పనిముట్టు మొన వెనుక గరుకును నొక్కడానికీ పనికివస్తుంది.

గాలం ఎంత మంచిదైనా, వదిలే పద్ధతి సరిగా లేకపోతే చేప బతకదు. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. దాని ఒంటి మీది జిగురు పొర రోగాల నుంచి కాపాడే కవచం. పొడి చేయి, తువ్వాలు, గట్టు మీది వేడి రాయి ఆ పొరను ఊడ్చేస్తాయి. వలలో ఎత్తవలసివస్తే ముడులు లేని రబ్బరు వల వాడాలి. ఫొటో కోసం గాలిలో పట్టుకుని నిలబడటం గురించి 1992లో కెనడాలో ప్రచురితమైన ఒక ప్రయోగం ఫలితాలు నన్ను కదిలించాయి. అలసిపోయేదాకా ఈదించిన రెయిన్‌బో ట్రౌట్ చేపలను గాలికి చూపకుండా నీటిలోనే ఉంచితే 12 గంటల తర్వాత పదింటికి దాదాపు తొమ్మిది బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో పదింటికి ఆరు, 60 సెకన్లు ఉంచినవాటిలో మూడు కూడా మిగల్లేదు. ట్రౌట్ చల్లని నీటి చేప కాబట్టి ఆ లెక్కలను జిలేబీకి అలాగే అంటగట్టలేము. జిలేబీ గట్టి ప్రాణం, కొర్రమీను అయితే గాలినే పీల్చగలదు. పరిగెలకు ఆ ఓర్పు లేదు. పైగా మన ఎండలు వేరు. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టగలదు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో లోతు తక్కువ చెరువుల్లో నీరు అంతకంటే వేడెక్కుతుంది. ఆ వేళల్లో పట్టి వదిలే వేట మానేసి తెల్లవారుజామున మాత్రమే వెళ్లాలి.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక్కోసారి గాలం గొంతులో దిగుతుంది. అప్పుడు ఫోర్సెప్స్‌తో లాగాలన్న ఆత్రుతను అణచుకుని, దారాన్ని నోటికి దగ్గరగా కత్తిరించి వదిలేయడమే సరైన పని. ఈ విషయం మీద బ్లూగిల్ చేపలతోనే కెనడా పరిశోధకులు పని చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. లోతుగా దిగిన గాలాన్ని బలవంతంగా తీసినవాటి కంటే దారం కోసి వదిలినవి ఎక్కువగా బతికాయి, వాటిలో చాలా చేపలు కొద్ది రోజుల్లో తమంతట తామే గాలాన్ని బయటికి నెట్టేశాయి కూడా. ఎదురుముల్లు లేనిదైతే ఆ పని వాటికి మరింత సులువవుతుందని అనుకోవడం సహేతుకమే. ఈ పెట్టెలో ఒక్కో గాలం ఖరీదు ఎంతో తక్కువ. దాన్ని కాపాడుకోవడం కోసం చేప గొంతు చీల్చడానికి ఏ సమర్థనా లేదు.

జిలేబీని తిరిగి వదలడం ఎందుకని అడిగేవారున్నారు, వారి ప్రశ్నలో న్యాయం ఉంది. అది మన చేప కాదు, 1952లో బయటి నుంచి తెచ్చి మన నీళ్లలో వేశారు. త్వరత్వరగా పిల్లలు పెట్టి, స్థానిక చేపల తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది. కూరకు పనికివచ్చే సైజుదాన్ని ఇంటికి తీసుకుపోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అలా తీసుకునేటప్పుడు వెంటనే ప్రాణం తీయాలి తప్ప గట్టు మీద కొట్టుకోనివ్వకూడదు. ఒక చెరువులో పట్టినదాన్ని మరో చెరువులో వదలడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయరాదు. పరిగెల వంటి స్థానిక చేపలను మాత్రం అవి పడిన చోటే, మొప్పలు నిలకడగా ఆడేదాకా నీటిలో నిలిపి, తమంతట తాము చేయి దాటి వెళ్లేలా వదలాలి.

ఈ పెట్టెను మళ్లీ కొంటానా అంటే, ఆరు అరల పెట్టెగా కొనను. అదే అమ్మకందారు 10 సైజును 50 గాలాల విడి పొట్లంగా కూడా అమ్ముతున్నారు, అందులో కాడ పొడవున్న రకం వేరుగా దొరుకుతుంది. ఈసారి అదే తెప్పించాను. దూది పరీక్షలో అన్నీ నెగ్గాయి. ఫ్లై కట్టడం ఇప్పుడే మొదలుపెడుతున్నవారు పెద్ద పెట్టెకు బదులు ఆ పొట్లం ఒకటి, 8 సైజుది మరొకటి తీసుకుంటే జిలేబీకీ, పెద్ద పరిగెలకూ ఈ వర్షాకాలమంతా సరిపోతాయి.